తలుపు మీద డమాస్కస్

షార్జా అల్ నహ్దాలో మేముండే భవనానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నీళ్లు రావడం లేదనీ, లిఫ్టు ఆగిందనీ, ఎవరో కారు అడ్డంగా పెట్టి పోయారనీ తప్ప అందులో ఏమీ రాదు. రంజాన్‌కి ముందు వారం అందులో నాలుగు ముక్కల ఉర్దూ కబురు వచ్చింది, ఇదివరకు మా ఎదురు ఫ్లాటులో ఉండిన టీచరు పోయారని. కింద బెంగళూరులో ఉండే ఆవిడ కొడుకు పేరు. ప్రొద్దుటూరులో, నిద్రలోనే, బాధపడకుండా అని. గ్రూపులో సగం మంది కొత్తవాళ్లు. ఎవరు పోయారో తెలియకుండానే దండాలు పెట్టే బొమ్మలు పంపించారు. నేను పంపలేకపోయాను. కుక్కరు ఎన్నిసార్లు కూసిందో చూసుకోలేదు. ఆ పూట మా ఇంట్లో పప్పు మాడింది.

ఆవిడ పేరు రాయను. పేర్ల విషయంలో ఆవిడకే ఒక పట్టింపు ఉండేది. చరిత్ర పాఠం మొదటిసారి చెప్పేటప్పుడు ఒక్క రాజు పేరు కూడా బయటపెట్టేవారు కారు. "పేర్లు పరీక్షకి. ముందు ఇంటి సంగతి చూడండి" అనేవారు. రోము చక్రవర్తి ఆవిడ పాఠంలో "పెద్దింటాయన". పర్షియా షా "పక్కింటాయన". పశ్చిమాన ఫ్రాంకుల రాజు "పెండ్లాం మాట ఇననాయన". ఆయన భార్య క్రైస్తవురాలు. ఎన్నేళ్లు చెప్పినా ఆమె మాట చెవిన పెట్టలేదట. ఒక యుద్ధంలో ఓడిపోయేలా ఉన్నప్పుడు మాత్రం భార్య కొలిచే దేవుడు గుర్తొచ్చి, గెలిపిస్తే నీ దారికొస్తానని మొక్కుకున్నాడట. పాఠాలన్నీ అయ్యాక చివరి వారంలో ఆవిడ బోర్డు మీద వరసగా పేర్లు రాసి, "ఇదో, వీళ్లే వాళ్లు" అనేవారు. అప్పటికి పిల్లలకి ఆ రాజులు తమ ఫ్లోర్‌లో కాపురముండేవాళ్లంత పరిచయం అయిపోయి ఉండేవాళ్లు.

బడిలోనూ, భవనంలోనూ అందరికీ ఆవిడ ఆపా. ఆపా అంటే ఉర్దూలో అక్క.

మా ఇద్దరిదీ ఒకే బడి. ఆవిడ పెద్ద తరగతులకి చరిత్ర చెప్పేవారు, నేను లెక్కలు. ఉండేది ఎదురెదురు ఫ్లాట్లలో. అయినా చాలా ఏళ్లు నమస్తే దాటి మాట్లాడుకోలేదు. నాకు చరిత్రంటే పడదు. తారీకులు బట్టీ పట్టలేక పదో తరగతిలో ఏడ్చినదాన్ని. మా పరిచయం ముగ్గుసుద్ద దగ్గర మొదలైంది.

కరోనా మొదటి నెలలు. బడులు మూసేసి మమ్మల్ని ఇంటి నుంచే పాఠాలు చెప్పమన్నారు. ఒక పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. ఆపా ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకుని, గుమ్మానికి దూరంగా జరిగి నిలబడి ఉన్నారు.

"అమ్మా, నువ్వు వాకిట్లో ముగ్గేస్తావు గదా. రొవ్వంత సుద్ద ఉంటే ఇస్తావా?"

"ముగ్గుకా ఆపా?" అన్నాను తెలివితక్కువగా.

"కాదు, డమాస్కస్‌కి."

సుద్ద ఇచ్చి వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ పడకగది తలుపు నల్లటి చెక్కది. దాని మీద సుద్దతో ఒక వీధి గీశారు. వీధి మొదట్లో కోట గుమ్మం. ఒక పక్క రొట్టెలు కాల్చే అంగడి, దాని పక్కన శిలువ ఉన్న గుడి. ఎదురుగా పన్నుల కచేరీ. చివర ఒక విధవరాలి ఇల్లు, ఆ ఇంటి ముందు ఒక మేక. బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, దాని ముందు నిలబడి పాఠం మొదలుపెట్టారు. ఫోనులో ముఖం తప్ప ఏమీ కనబడదు. అయినా చీర కుచ్చిళ్లు సర్దుకుని, గొంతు సవరించుకుని, నిజం క్లాసులో మాదిరే అటూ ఇటూ నడిచేవారు. నడిచినప్పుడల్లా ఫోనులోంచి మాయమయ్యేవారు. "మిస్, యూ ఆర్ గాన్" అని పిల్లలు అరిచేవాళ్లు.

గాలి ఆడాలని ఇద్దరం తలుపులు తీసిపెట్టుకునేవాళ్లం. నేను వంటింట్లో బీరకాయ తరుగుతూ వినేదాన్ని. వినాలని కాదు, వినబడేది. పెద్దింటాయనా పక్కింటాయనా దాయాదుల్లా ఇరవై ఏళ్లకు పైగా కొట్టుకున్నారు. ఒకరి ఊళ్లు ఒకరు తగలబెట్టుకున్నారు, ఒకరి గుళ్లలో సొమ్ము ఒకరు ఎత్తుకుపోయారు. చివరికి పెద్దింటాయన గెలిచాడు. గెలిచినవాడికీ ఓడినవాడికీ నిలబడే ఓపిక లేక గోడకి ఆనుకుని రొప్పుతున్న సమయంలో ఎడారి వైపు నుంచి మూడోవాళ్లు వచ్చారు. కొత్త మతం, కొత్త ఉత్సాహం. డమాస్కస్ కోటని చుట్టుముట్టారు. లోపలివాళ్లు కొన్నాళ్లు ఓర్చుకుని ఒడంబడికకి వచ్చారు. పన్ను కట్టాలి, ప్రాణాలూ ఇళ్లూ గుళ్లూ భద్రం. కోట గుమ్మం తెరుచుకుంది.

ఇక్కడ ఆపా ఆగేవారు. నేను కత్తిపీట మీద చెయ్యి ఆపేదాన్ని.

"ఎవురు గెల్సినారని అడగద్దు. మర్సనాడు పొద్దున ఈ వీధిలో పొయ్యి ఎవురు రాజేసినారు? అది చెప్పండి."

ఈ మాట మాత్రం ఎప్పుడూ తెలుగులోనే వచ్చేది. పాఠమంతా ఇంగ్లీషులో నడిచేది. కాస్త వేడెక్కితే హిందీలోకి, మరీ వేడెక్కితే ప్రొద్దుటూరులోకి వెళ్లిపోయేవారు. మలయాళీ పిల్లలకి కూడా 'పొయ్యి' అంటే ఏమిటో తెలిసిపోయింది.

ఒకరోజు ఏసీ నీళ్లు కారుతున్నాయని నాతూర్ వచ్చాడు. నాతూర్ అంటే ఇక్కడ భవనం కాపలాదారు. మావాడు పెషావరు పఠాన్, గడ్డం తెల్లబడిన మనిషి. తలుపు మీద బొమ్మ చూసి ఇదేం ఊరని అడిగాడు. ఆపా హిందీలో మొదలుపెట్టారు. ఏసీ కింద పెట్టిన బకెట్టు నిండి పొర్లింది, నాతూర్ కదల్లేదు. మర్నాడు ఎవరూ పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడి, "ఆపాజీ, ఆ ముసలావిడ మేకని సిపాయిలు తీసుకుపోయారా?" అని అడిగాడు. "లేదు భాయ్, ఒడంబడికలో మేక కూడా ఉండాది" అని ఆవిడ ఒట్టేసి చెప్పాకే కిందికి దిగాడు. ఒడంబడికలో మేక ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఆ రోజుల నుంచి నన్ను "లెక్కలమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు. ఆవిడింట్లో ఉగ్గాని చేస్తే ఒక గిన్నె మా ఇంటికి వచ్చేది. బొరుగులు నానబెట్టి, పోపేసి, పైన పుట్నాలపొడి చల్లి చేస్తారు. మా విజయవాడ వైపు అది ఎరగం. పక్కన మిరపకాయ బజ్జీలు. శనివారం నేను ఒంటిపూట ఉంటానని తెలుసు. కావాలని శనివారమే మధ్యాహ్నం లోపల పంపించేవారు, రాత్రికి మిగల్చకుండా. ఆవిడ నమాజు వేళకి నా పూజగంట మోగితే, "మీ దేవుడు కూడా నాకు అలారం పెడతాండాడు" అని నవ్వేవారు.

మార్కర్ మూత పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడటం ఒక అలవాటు. బడులు తెరిచాక స్టాఫ్ రూములో కూడా అంతే. ఇంకొకటి, ఏ కబురు విన్నా వెయ్యేళ్ల వెనక్కి వెళ్లి దానికొక తోడు పట్టుకొచ్చేవారు. దేశమంతా వారాంతం మార్చిన జనవరిలో మా బడి బస్సు ఒక తమాషా. అంతకుముందు శుక్ర, శనివారాలు సెలవు. ఇప్పుడు షార్జాలో శుక్ర, శని, ఆదివారాలు. మొదటి ఆదివారం ఇద్దరు టీచర్లు అలవాటు కొద్దీ తయారై బస్టాపులో నిలబడ్డారు. సోమవారం బస్సులో ఆపా ఎంత సంతోషంగా ఉన్నారో చెప్పలేను.

"చూసినావా లెక్కలమ్మా? రాజు ఒక్క మాటతో మార్చేస్తాడు. కాళ్లకి తెలిసేసరికి ఎన్నాళ్లు పడతాదో నువ్వే చూడు. అప్పట్లో ఆదివారం పోయి శుక్రవారం వచ్చినప్పుడు ఆ వీధిలో రొట్టెలాయన ఎన్ని ఆదివారాలు అంగడి మూసుకోని కూర్చున్యాడో!"

"మీకు ఇందులో ఆనందమేంటి ఆపా? మా అత్తగారి ఫోను టైము, బ్యాంకు పనీ అన్నీ తారుమారయ్యాయి."

"అదే గదా! ఇన్నేండ్లు పుస్తకంలో చదివినా. ఇప్పుడు ఒంటి మీద జరగతాండాది."

అదే ఏడాది చలికాలంలో గొడవ వచ్చింది.

పదకొండో తరగతిలో ఈ డమాస్కస్ పాఠం మీద రెండు ఫిర్యాదులు ఒకే వారంలో ప్రిన్సిపాల్ దగ్గరికి చేరాయి. ఒకటి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక తండ్రిది. ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంటెంట్. మతమార్పిళ్లన్నీ మెల్లగా, మంచిగా జరిగినట్టు చెప్పి పిల్లల కళ్లకి గంతలు కడుతున్నారని ఆయన అభియోగం. రెండోది హైదరాబాద్ పాతబస్తీ మనిషిది. అల్ ఖూజ్‌లో ఏసీలు బాగుచేసే వర్క్‌షాపు ఉంది. మా తొలి పాలకులు అగ్నిని కొలిచేవాళ్ల నాణేలనే వాడుకున్నారని, నాణెం మీద షా బొమ్మా నిప్పుగూడూ అలాగే ఉంచి అంచున బిస్మిల్లా అని మాత్రం చేర్చారని చెప్పారట, అది మర్యాదేనా అని ఆయన కోపం.

స్టాఫ్ రూములో ఈ సంగతి నాకు చెబుతూ ఆపా మార్కర్ మూత పళ్ల నుంచి తీశారు. అప్పుడే అనుకున్నాను, గట్టి దెబ్బే తగిలిందని.

"రెండు పక్కల నుంచీ రాళ్లు పడతాండాయంటే, నేను గోడ మీద సక్కంగానే నడుస్తాండానేమోలే" అన్నారు. నవ్వడానికి ప్రయత్నించారు గానీ నవ్వు రాలేదు. అప్పటికి భర్త పోయి కొన్నేళ్లయింది. ఆ ఉద్యోగం మీదే వీసా, వీసా మీదే ఇల్లు. ప్రిన్సిపాల్ చెడ్డమనిషి కాదు, ఫిర్యాదంటే భయపడే మనిషి. పాఠం వదిలేసి నోట్సు చెప్పి రాయించమన్నారు. ఆపా వినలేదు. ఆ తండ్రులిద్దరినీ క్లాసుకి వచ్చి కూర్చోమనండి, విన్నాక మీరేం చెబితే అది చేస్తాను అన్నారు. మధ్యలో మాట రాకుండా సాక్షిగా ఉండమని ప్రిన్సిపాల్ నన్ను పంపారు.

తండ్రులిద్దరూ వెనక బెంచీలో, మధ్యలో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. పిల్లలు బిగుసుకుపోయారు. ఆపా బోర్డు మీద వీధి గీశారు. ముందుగా కత్తుల సంగతే చెప్పారు. దాచలేదు. ఫ్రాంకుల రాజుల్లో ఒకాయన పొరుగు తెగవాళ్లని నీళ్లలో మునక వేసి క్రైస్తవులవుతారా, మెడ చాస్తారా అని అడిగిన కథ చెప్పారు. పర్షియాలో అగ్నిని కాపాడుకోవడం కోసం ఊళ్లొదిలి, తర్వాత్తర్వాత పడవెక్కి గుజరాత్ తీరానికి వచ్చిన కుటుంబాల కథ చెప్పారు. తలకింత అని పన్ను కట్టేటప్పుడు ఆ వీధివాళ్లకి తల ఎంత వంగి ఉంటుందో చెప్పారు. చెప్పి, "కత్తి ల్యాకుండా జరిగిందని నేనెప్పుడూ అనలా. కత్తి ఒగ పూట పని. ఆ తర్వాత నూరేండ్ల పని ఉండాది. అది ఎవురు జేసినారని అడుగుతాండా" అన్నారు. అదే ముక్క మళ్లీ హిందీలో చెప్పారు.

తర్వాత వెనక్కి తిరిగి, పిల్లలకి ఇచ్చినట్టే తండ్రులకీ వేషాలు ఇచ్చారు. పాతబస్తీ ఆయన ఊరి బయట గుడారంలో ఉండే కొత్త సిపాయి. "జీతం వచ్చింది. నాణెం మీద షా తలా, నిప్పుగూడూ ఉన్నాయి. తీసుకుంటారా, పారేస్తారా భాయ్?" అని అడిగారు. ఆయన కాసేపు గడ్డం గీక్కుని, "బజార్ మే చల్తా తో లేలేతా, ఆపా" అన్నారు, బజారులో చెల్లితే తీసుకుంటానని. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వేశారు.

అకౌంటెంటు గారికి కచేరీలో గుమాస్తా వేషం.

"మీ తాత గ్రీకులో లెక్కలు రాసినాడు. మీ నాయనా రాసినాడు. పాలకులు మారినా మీ ఉద్యోగం తీయలా. మీకు పని తెలుసు, వాళ్లకి మీ పని కావాల. అట్లా చాన్నాళ్లు గడిచింది. ఇప్పుడు ఖలీఫా నుంచి ఉత్తరువు వచ్చింది, ఇంగ లెక్కలన్నీ అరబ్బీలో రాయాల అని. ఏం చేస్తారు?"

"చేసేదేముంటది?" అన్నారాయన. అప్పటిదాకా హిందీలో మాట్లాడిన మనిషి తెలుగులోకి వచ్చేశారు. "నేర్చుకుంట. మొన్న మా కంపెనీ చేతులు మారింది. కొత్త ముదీర్, అదే మేనేజరు, వచ్చి సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చిండు. నేర్చుకోలేదా?"

"మీ కొడుకు?"

"వానికి చిన్నప్పటి సంది అదే నేర్పిస్త. లేకుంటే కొలువెట్లొస్తది?"

"వాని కొడుకు?"

మూడో బెంచీలో ఆయన కొడుకు కూర్చుని ఉన్నాడు. తండ్రి చూపు వాడి మీదికి పోయింది.

"మా నాయన పొద్దున లేస్తే భాగవతం పద్యాలు చదువుతుండె," అన్నారు. "నాకు చదవొస్తది, పాడరాదు. వీనికి తెలుగుల వాని పేరు గూడ రాయరాదు."

కొడుకు తల దించుకున్నాడు. క్లాసులో తెలుగు రాని పిల్లలు కూడా ఏదో జరిగిందని తెలిసి కదలకుండా కూర్చున్నారు.

"ఎవురన్నా బలవంతం చేసినారా?" ఆపా గొంతు బాగా తగ్గింది.

"ఎవ్వరు చెయ్యలే, మేడమ్. ఎవ్వరు చెయ్యలే. గాని పోయింది."

ఆపా దానికి ఏ ముక్తాయింపూ ఇవ్వలేదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఇంకెవరైనా అయితే అక్కడొక ఉపన్యాసం దంచేవాళ్లు. ఆవిడ వెళ్లి ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, ఎక్కడ ఆపారో అక్కడి నుంచి పాఠం అందుకున్నారు. గంట కొట్టాక అకౌంటెంటు గారు ఫిర్యాదు కాగితం వెనక్కి తీసుకున్నారు. పాతబస్తీ ఆయన ఫిర్యాదు సంగతి ఎత్తకుండానే, మీ ఇంట్లో ఏసీ కారుతుందటగా, మనిషిని పంపిస్తానని చెప్పి పోయారు. కారుతుందని ఆయనకి ఎవరు చెప్పారో మరి.

గెలిచామనుకున్నాను. ఏప్రిల్‌లో కొత్త ఏడాది టైంటేబుల్ వచ్చింది. ఆపాకి పదకొండు లేదు. ఆరో తరగతి ఇచ్చారు. ప్రిన్సిపాల్ నా ముఖం చూడకుండా, "ఆవిడ ఆరోగ్యం కోసమే" అన్నారు. ఆవిడకి జలుబు చేయడం కూడా నేనెరగను. నేను ఆవేశంగా వెళ్తే ఆపా టిఫిన్ డబ్బా మూత తీస్తున్నారు.

"మీరు అడగరా ఆపా? ఆ తండ్రులే ఒప్పుకున్నాక ఇదేం న్యాయం?"

"కూర్చో. చింతకాయ తొక్కు తెచ్చినా."

"నేను తినను."

"తినకుంటే ఆరో తరగతి పదకొండవుతాదా?" అని అన్నం నా ముందుకి జరిపారు. ముద్ద కలుపుతున్నంతసేపూ కళ్లు మాత్రం ఎత్తలేదు. ఆ ఏడాది ఆరో తరగతి పిల్లలు హరప్పాలో ఏ ఇంటి పొయ్యి ఎటు ఉండేదో బొమ్మలు గీసి గోడల నిండా అంటించారు.

మరుసటి మార్చితో ఆవిడ ఉద్యోగం అయిపోయింది. ఆ ముందు డిసెంబరు సెలవుల్లో, "నాకొగ కోరిక ఉండాది లెక్కలమ్మా. మీ ఇంటాయన కారు తీస్తాడా?" అని అడిగారు. అబుదాబి దాటి పడమటి తీరానికి పోతే సర్ బనీ యాస్ అని ఒక దీవి ఉంది. జిరాఫీలూ జింకలూ తిరిగే దీవి అని మా అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆపా వెళ్లాలనుకున్నది దానికోసం కాదు. ఇస్లాం వచ్చిన తొలి రోజుల్లో అక్కడ క్రైస్తవ సన్యాసుల మఠం ఒకటి నడిచింది. దాని గోడలు తవ్వి తీశారు. ఆ సంగతి చదివినప్పటి నుంచీ ఆవిడకి అదే ధ్యాస.

కారులో దారంతా పాటలు పాడించారు. పడవ ఎక్కగానే మాట తగ్గింది. దీవిలో మావారూ అమ్మాయీ జిరాఫీల వైపు వెళ్లారు. మేమిద్దరం మఠం దగ్గర దిగాం. పైన ఎండ తగలకుండా పందిరి వేశారు. మోకాలెత్తు గోడలు, మధ్యలో గుడి, చుట్టూ చిన్నచిన్న గదులు. కాపలాకి ఒక నేపాలీ ఆయన తప్ప ఎవరూ లేరు. ఆపా గుడి వైపు చూసి చూడనట్టు చూసి, గదుల వైపు నడిచి, గోడలు వంగి వంగి పరికించారు.

"ఏం వెతుకుతున్నారు ఆపా?"

"యాడా కాలిన గుర్తు లేదు చూడు. కూలగొట్టింది లేదు. ఎవురూ తరిమినట్టు లేదు."

అక్కడ పెట్టిన బోర్డు మీద కూడా అదే రాసి ఉంది. దాడి ఆనవాళ్లు లేవు, నెమ్మదిగా ఖాళీ అయినట్టుంది అని.

"మరి ఎందుకు పోయారు?"

"చుట్టుపక్కల ఊళ్లోళ్లు మారుకుంటా వచ్చింటారు. ఒగ ఇంట్లో పెండ్లి కోసం, ఒగ ఇంట్లో యాపారం కోసం, ఒగ ఇంట్లో నిజంగానే మనసుకి తగిలి. గుడికొచ్చే పడవలు తగ్గింటాయి. పదిమంది ఉండే చోట ఆరుగురు. ఆరుగురు ఉండే చోట ఇద్దరు. ఆఖరికి ఒగాయన." ఆవిడ గోడ మీద అరచెయ్యి ఆనించారు, జ్వరం చూస్తున్నట్టు. "ఆయప్ప పొద్దున్నే లేసి ఒక్కడే ప్రార్థన పాడుకోనింటాడు. ఎదురు పాడేదానికి ఎవురూ ల్యాకుండా. ఒగ పొద్దు మూట గట్టుకోని పడవెక్కింటాడు."

తర్వాత నన్ను చూడకుండానే చెప్పారు.

"మా జేజికి జేజి పేరు ఓబులమ్మ."

వాళ్ల వైపు జేజి అంటే నాయనమ్మ. అయినా నాకు వెంటనే అర్థం కాలేదు.

"అవును. ఓబులమ్మే. ఆమె మనవరాలి కాలానికి మా ఇంట్లో పేర్లు మారిపోయినాయి. ఎందుకు మారినామో, ఎప్పుడు మారినామో మా ఇంట్లో ఒక్కరికీ తెల్దు. పన్నుకోసమా, పెండ్లి కోసమా, దావన పోయే ఫకీరు ఒగ మంచి మాట చెప్పినాడా? అడిగితే మా నాయన కోప్పడేవాడు. చదువుకుంటే తెలుస్తాదని చరిత్రలో చేరినా. రోమూ చదివినా, పర్షియా చదివినా. అన్ని పుస్తకాల్లోనూ రాజులు మారేదే ఉండాది. ఓబులమ్మ ఆ పొద్దు పొయ్యి మీద ఏం పెట్టిందో, ఏడ్సిందో, సంతోషపడిందో ఎవురూ రాయలా. నాకు నా మతం మీద అనుమానం లేదు లెక్కలమ్మా. నాకు దాంట్లోనే నెమ్మది. కానీ ఆమె నెమ్మదిగా ఉండిందా అని, అదే నాకు తెలవాల."

ఇన్నేళ్ల ఎదురిల్లు, ఇన్ని గిన్నెల ఉగ్గాని. ఈ ముక్క ఆవిడ నాతో ఎప్పుడూ అనలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి మీద సున్నం ధూళి తెల్లగా అంటుకుని ఉంది.

ఎండ వాలింది. సాయంత్రం అసర్ నమాజు వేళ అయింది, నమాజు గది ఎక్కడని ఆవిడ కాపలా ఆయన్ని అడిగారు. నమాజు గది చాలా దూరం, బండి రావాలి అన్నాడతను. ఈ కంచె బయట ఇసకలో చదువుకుంటాను, అభ్యంతరమా అని అడిగారు ఆపా. అతను గుడి గోడల వైపు చూశాడు, ఆవిడ తెల్ల జుట్టు చూశాడు, తన కుర్చీ మీది తువ్వాలు తెచ్చి పరిచాడు. సీసాలో నీళ్లతో ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని ఆవిడ నిలబడ్డారు. వెనక ఆ పాత గుడి తూర్పు ముఖంగా, ముందు ఆవిడ పడమటి ముఖంగా. నేను చెప్పులూ చేతిసంచీ పట్టుకుని పక్కన నిలుచున్నాను. ఎప్పటికన్నా ఎక్కువసేపు నుదురు నేలకి ఆనించి సజ్దాలో ఉన్నారు. చివర చేతులు చాచి పెదవులు కదుపుతూ ఇంకా చాలాసేపు కూర్చున్నారు. లేచేటప్పుడు నా భుజం ఆసరా తీసుకున్నారు.

"ఇంతసేపు ఏం అడిగారు ఆపా? ఓబులమ్మ గారి కోసమా?"

"ఆమెకి రోజూ చేస్తా. ఈ పొద్దు ఆ ఆఖరాయన కోసం అడిగినా. పడవెక్కినాయన. క్షేమంగా యాడో ఒగ చోటికి చేరుకోనుంటే చాలని."

"వెయ్యేళ్ల కిందట పోయినాయన కదా. ఇప్పుడు అడిగి ఏం లాభం?"

ఆవిడ నా చేతిలోంచి చెప్పులు తీసుకుని, ఇసక దులిపి, ఒక్కొక్కటే తొడుక్కున్నారు.

"ఏమో, లెక్కలమ్మా. పోయేటప్పుడు ఆయన కోసం ఎవురన్నా అడిగినారో లేదో."